క్లిక్ లేకుండా పాడిన కీర్తనకు టెంపో ఎలా కట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. చిత్తూరులో ఇంట్లోనే ఒక గదిని రికార్డింగుకు అమర్చుకున్నారు. మీ అక్కగారు తంబూర మాత్రం చెవిలో పెట్టుకుని, క్లిక్ (వేగం చూపే టిక్ టిక్ శబ్దం) లేకుండా, ఆది తాళంలో ఒక సంకీర్తన పాడారు. నిడివి ఆరు నిమిషాల చిల్లర. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో దాని కింద తబలా లూపు (మళ్లీ మళ్లీ తిరిగే ముక్క), మిడి వీణ (స్వరాల సూచనలతో సాఫ్ట్‌వేర్ పలికించేది), వెనక స్ట్రింగ్స్ వేశారు. పల్లవి వరకు అన్నీ కలిసే నడిచాయి, మొదటి చరణం సగానికి వచ్చేసరికి తబలా వెనకబడింది. సరిచేద్దామని పైనున్న టెంపో అంకెను 72 నుంచి 74కు మారిస్తే గొంతు కూడా కదిలిపోయింది, ఇంకోసారి పక్కనున్న మీటను జరిపితే ఏకంగా శ్రుతే మారిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో టెంపోను మన అదుపులో పెట్టుకోవడం ఎలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. గొంతును సాఫ్ట్‌వేర్ గీసే బీటు గీతలకు సరిపెట్టకండి, గీతలనే గొంతు వెంట నడిపించండి. అంటే, ముందుగా గొంతు ట్రాక్ టెంపోతో సంబంధం లేకుండా ఉన్నచోటే ఉండేలా కట్టేయాలి. ఆ తర్వాత పాటలో సమం (తాళం చుట్టులో మొదటి దెబ్బ) ఎక్కడెక్కడ పడిందో చూసి అక్కడక్కడా టెంపో మార్కర్లు (ఇక్కడినుంచి ఇంత వేగం అని చెప్పే గుర్తులు) పెట్టుకుంటూ పోవాలి. చివరికి లూపులు, మిడి ట్రాకులు ఆ మార్కర్లను అనుసరించేలా వదిలేయాలి. ఈ క్రమం ముఖ్యం. మొదటి మెట్టు వేయకుండా రెండో మెట్టుకు పోతే మీకు జరిగినట్టే జరుగుతుంది.

ఒకే అంకె ఆరు నిమిషాల పాటకు ఎందుకు సరిపోదో చిన్న లెక్కతో చూద్దాం. బీటు నిడివి మిల్లీసెకన్లలో కావాలంటే 60,000ను బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లు అన్న అంకెతో) భాగిస్తే చాలు. 72 బీపీఎంలో ఒక బీటు 833 మిల్లీసెకన్లు, 72.5లో 828. తేడా ఆరు మిల్లీసెకన్లకు లోపే, ఏ చెవికీ అందదు. కానీ ఆది తాళం ఎనిమిది ఆవర్తనాలు (చుట్లు) గడిస్తే 64 బీట్లు అవుతాయి, అప్పటికి ఆ తేడా పోగుపడి సుమారు 368 మిల్లీసెకన్లకు చేరుతుంది. అది దాదాపు సగం బీటు. ఒక్క నిమిషం కూడా గడవకముందే, కేవలం అర బీపీఎం తేడాతో తబలా తప్పుచోట పడుతోందన్నమాట. గాయకురాలు ఎంత లయజ్ఞానం ఉన్నవారైనా, చరణంలో పై స్థాయికి వెళ్లేటప్పుడు ఒకటి రెండు బీపీఎం ఎక్కడం, మళ్లీ పల్లవి అందుకునేటప్పుడు దిగడం సహజం. కాబట్టి మీ అక్కగారి పాటలో లోపం వెతకవద్దు.

ఇక గొంతు ఎందుకు కదిలిందో చూద్దాం. రీపర్‌లో ప్రతి ట్రాకుకూ, ప్రతి ఆడియో ముక్కకూ టైమ్‌బేస్ అని ఒక అమరిక ఉంటుంది. అది మూడు రకాలు. టైమ్ అని పెడితే ఆ ముక్క సెకన్లకు కట్టుబడి ఉంటుంది, టెంపో ఎంత మార్చినా కదలదు. బీట్స్ పొజిషన్ ఓన్లీ అని పెడితే ముక్క మొదలయ్యే చోటు బారుతో (కొన్ని బీట్ల గుంపుతో) పాటు జరుగుతుంది, నిడివి మాత్రం మారదు. బీట్స్ పొజిషన్, లెంగ్త్, రేట్ అని పెడితే చోటూ మారుతుంది, ముక్క కూడా రబ్బరులా సాగుతుంది. కొత్త ప్రాజెక్టు తెరిస్తే మామూలుగా ఉండేది ఈ మూడోదే. లూపులకు అది చాలా మంచిది, పాడిన గొంతుకు ప్రమాదం. గొంతు ట్రాకు మీద రైట్ క్లిక్ చేసి, ట్రాక్ టైమ్‌బేస్‌లో టైమ్ ఎంచుకోండి. తంబూర ట్రాకుకూ అదే చేయండి. ముక్కకు విడిగా ఏదైనా పెట్టి ఉంటే అది ట్రాకు మాటను కాదంటుంది, కనుక ముక్క ప్రాపర్టీస్‌లో కూడా ఒకసారి చూసుకోండి.

శ్రుతి మారిన సంగతి వేరు. రీపర్‌లో టెంపో అంకె ఉన్న పట్టీలోనే రేట్ అని ఒక మీట ఉంటుంది. కొత్తవారు చాలామంది దాన్ని కూడా టెంపో అనుకుంటారు, నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్లో సగంమంది మొదటివారం ఆ మీటనే పట్టుకుని వేలాడతారు. అది మొత్తం ప్రాజెక్టును పాత టేపు రికార్డరులా వేగంగానో నెమ్మదిగానో తిప్పే మీట. ప్రిజర్వ్ పిచ్ అనే ఎంపిక ఆన్ చేసి లేకపోతే 1.00 నుంచి 1.03కు జరిపినంత మాత్రాన శ్రుతి ఒక స్వరస్థానంలో సగం మేర పైకి పోతుంది. ఇందులో ఇంకో చిక్కుంది. గొంతు, తంబూర రెండూ ఆడియో కాబట్టి పైకి ఎక్కుతాయి. మిడి వీణ మాత్రం వేగం పెరిగినా తన శ్రుతిలోనే పలుకుతుంది. మీరు విన్న అపశ్రుతి అక్కడిదే. ఆ మీటను 1.00కు తెచ్చి, ఈ పాట పూర్తయ్యేదాకా ముట్టుకోకండి.

ఇప్పుడు అసలు పని: సమం పట్టుకోవడం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మెనూలు ఏ వీడియోలోనైనా చూపిస్తారు, ఇది ఎవరూ చూపించరు.

పాడేవారు తాళం వేసుకుంటూ పాడితే ఆ చెయ్యి తొడమీద పడిన చప్పుడు మైకులో సన్నగా పడుతుంది. అది మీ పాలిట నిధి. చాలామంది రికార్డింగు కాగానే నాయిస్ గేట్ (సన్నని శబ్దాలను మూసేసే పనిముట్టు) వేసి ఆ చప్పుళ్లను తుడిచేస్తారు, ఆ తర్వాత సమం ఎక్కడుందో తెలియక తలపట్టుకుంటారు. శుభ్రం చేసే పని తర్వాత పెట్టుకోండి. గొంతు ట్రాకును ఒక కాపీ తీసి, ఆ కాపీలో 200 హెర్ట్జ్ పైన అంతా ఈక్యూతో కోసేసి, వాల్యూమ్ బాగా పెంచి వినండి. ధబ్ ధబ్ మని తాళం వినిపిస్తుంది. కుడిచేతి గాజులు తీయకుండా పాడి ఉంటే ఇంకా మేలు, పై ఫ్రీక్వెన్సీలు మాత్రం ఉంచి వింటే ప్రతి దెబ్బకూ గాజుల గలగల దొరుకుతుంది. నేను తిరుపతిలో ఒక సంగీత ఉపాధ్యాయురాలి సంకీర్తనలు ఎనిమిది ఈ గాజుల చప్పుడు పట్టుకునే కట్టాను. చివరి మిక్సింగులో ఆ గాజులు తీసేయడానికి పట్టిన సమయం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

తాళం చప్పుడు దొరకని చోట అక్షరాన్ని పట్టుకోవాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వేవ్‌ఫారమ్‌లో అక్షరం కనబడటం మొదలైన చోట సమం ఉండదు. "శ్రీ" అన్న అక్షరమే తీసుకోండి. ముందు "శ" అనే ఊపిరి రాపిడి సన్నని గరుకు గీతలా కనిపిస్తుంది, పాడేవారిని బట్టి అది పదో వంతు సెకను దాకా కూడా సాగవచ్చు. ఆ తర్వాత "ఈ" అచ్చు మొదలైనప్పుడు గీతలు లావవుతాయి. మన చెవికి లయ తగిలేది ఆ అచ్చు దగ్గరే. మార్కర్‌ను రాపిడి మొదట్లో పెట్టారంటే తబలా ప్రతిసారీ తొందరపడుతున్నట్టు ఉంటుంది. "క", "త", "ప" లాంటి అక్షరాలతో ఈ బాధ తక్కువ, అవి ఠక్కున తెరుచుకుంటాయి.

ఇంకొకటి, పాట మొదటి మాట పడినచోటే తాళం మొదలవుతుందని అనుకోకండి. ఎత్తుగడ సమంలో ఉంటే సరే. కానీ ఎన్నో కీర్తనల్లో తాళం ముందు మొదలై, అర అక్షరమో ఒకటిన్నర అక్షరమో (ఇక్కడ అక్షరం అంటే తాళం లెక్క) గడిచాక సాహిత్యం అందుకుంటుంది. కొన్నింటిలో సాహిత్యమే ముందు మొదలై, సమం తర్వాత పడుతుంది. మొదటి మాట మీద ఒకటో బారు గీత పెట్టి లూపు వేస్తే తబలా ఒకటిన్నర అక్షరం పక్కకు జరిగి, పాటంతా కుంటుతుంది. దాన్ని టెంపో తప్పు అనుకుని అంకెలు మారుస్తూ కూర్చున్నవారిని చూశాను. అక్కగారిని పక్కన కూర్చోబెట్టుకుని, పాట వినిపిస్తూ తాళం వేయమనండి, దెబ్బ పడిన చోటల్లా మీరు మార్కర్ వేసుకోండి. అరగంట పని, వారం రోజుల తిప్పలు తప్పుతాయి.

సమాలు గుర్తించాక చేయవలసింది ఇది. ఒక సమం నుంచి తర్వాతి సమం దాకా టైమ్ సెలెక్షన్ గీసుకోండి. రీపర్ యాక్షన్స్ జాబితాలో క్రియేట్ మెజర్ ఫ్రమ్ టైమ్ సెలెక్షన్ అనేది ఉంది, అది ఆ ముక్కను ఒక బారుగా తీసుకుని టెంపోను తనే లెక్కగట్టి మార్కర్ వేస్తుంది. ఆది తాళానికి నేను అది వేసిన టెంపో అంకెను రెండింతలు చేసి, ఆవర్తనాన్ని 4/4 బార్లు రెండుగా చేసుకుంటాను, ఎందుకంటే బజారులో దొరికే లూపులు చాలావరకు నాలుగు బీట్ల కొలతలోనే ఉంటాయి. అప్పుడు ఆవర్తనం సగం దగ్గర, అంటే లఘువు అయిపోయి మొదటి ద్రుతం మొదలయ్యే చోట, మరో గీత పడుతుంది. అది కూడా పాటతో కలిసిందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

మార్కర్లు ఎన్ని పెట్టాలి? ఆశకొద్దీ ప్రతి బీటుకూ పెట్టకండి. నేను రెండు ఆవర్తనాలకు ఒకటి చొప్పున మొదలుపెడతాను, విని, ఎక్కడ కలవలేదో అక్కడ మాత్రం మధ్యలో ఇంకొకటి వేస్తాను. ఆరు నిమిషాల పాటకు ఇరవై నుంచి ముప్పై మార్కర్లు చాలు. బీటు బీటుకూ పెడితే రెండు నష్టాలున్నాయి. మొదటిది, గమకం కోసం పాడేవారు కావాలని అక్షరాన్ని కొంచెం ఆపి వేసిన చోట తబలా కూడా ఆగుతుంది, అప్పుడు ఆ అందం పోతుంది. తబలా నిలకడగా నడుస్తుండగా గొంతు వెనక్కి వాలితేనే కదా అది వాలినట్టు వినబడేది! రెండోది, టెంపోకు కట్టిన డిలే ఎఫెక్టు ఏదైనా వాడుతుంటే, టెంపో కదిలిన ప్రతిసారీ దాని నిడివి మారి, ప్రతిధ్వనిలో శ్రుతి వణుకుతుంది. మార్కర్లున్న పాటలో నేను డిలేను టెంపోకు కట్టను, మిల్లీసెకన్లలోనే పెట్టుకుంటాను. 72 దరిదాపుల్లో నడిచే పాటకు సగం బీటు అంటే 417 మిల్లీసెకన్లు. అది ఒకసారి రాసుకుంటే మార్కర్లు ఎటు కదిలినా బాధ లేదు.

మార్కర్ల మధ్య టెంపో మెల్లగా జారాలా, మార్కర్ దగ్గర ఒక్కసారిగా మారాలా అని రీపర్ అడుగుతుంది. పాడిన పాటను కొలిచేటప్పుడు ఒక్కసారిగా మారేదే పెట్టండి, లెక్క సులువుగా ఉంటుంది, ఒకటి రెండు బీపీఎం తేడా ఎవరికీ వినబడదు. జారే పద్ధతిని చివర పల్లవి నెమ్మదించి ముగించే చోటుకు దాచుకోండి.

పల్లవికి ముందు తాళం లేకుండా చిన్న ఆలాపన ఉందన్నారు. అక్కడ సమం వెతకడం వృథా. దానికి ఒక ఉపాయం ఉంది. ఆలాపన 37.4 సెకన్లు ఉందనుకుందాం. 72 బీపీఎంలో 4/4 బారు 3.33 సెకన్లు, అంటే పదకొండు బార్ల పైన ఇంకొంచెం. ఆ కొంచెం వల్లే పల్లవి సమం బారు మధ్యలో పడుతుంది. ఆలాపన భాగానికి మాత్రం టెంపోను 70.59కి పెడితే సరిగ్గా పదకొండు బార్లలో ముగుస్తుంది, పల్లవి పన్నెండో బారు గీత మీద మొదలవుతుంది. ఆ 70.59కి సంగీతపరంగా అర్థమేమీ లేదు, గీతను మనకు కావలసిన చోటికి తెచ్చుకోవడానికి వాడుకున్న అంకె, అంతే. లెక్క ఇలా: బార్లను నాలుగుతో హెచ్చించి, 60తో హెచ్చించి, సెకన్లతో భాగించాలి.

మీరు తర్వాత మిశ్ర చాపులో ఇంకో సంకీర్తన చేయబోతున్నామని కూడా రాశారు కాబట్టి దాని గురించి ఒక హెచ్చరిక. తకిట తకధిమి అని ఏడక్షరాలు 2.8 సెకన్లలో పాడుతున్నారనుకోండి, అక్షరానికి 0.4 సెకను, నిమిషానికి 150 అక్షరాలు. దాన్ని 7/4 అని పెడితే టెంపో 150 అని చూపిస్తుంది, 7/8 అని పెడితే 75 అని చూపిస్తుంది. పాట మారలేదు, వేగం మారలేదు. బీపీఎం అనేది మామూలుగా పావు నోటును లెక్కించేది కాబట్టి, అందులో సగమైన ఎనిమిదో వంతు నోటును అక్షరంగా తీసుకుంటే అంకె సగమవుతుంది. మిడి ఫైలులో టెంపో దాచే తీరు కూడా ఇదే: పావు నోటుకు ఎన్ని మైక్రోసెకన్లు అన్న లెక్కే అందులో ఉంటుంది, ఏమీ చెప్పకపోతే 5,00,000, అంటే 120 బీపీఎం. చాలా సాఫ్ట్‌వేర్లలో కొత్త ప్రాజెక్టు తెరవగానే 120 కనబడటం యాదృచ్ఛికం కాదు. అందుచేత ఎవరైనా "ఈ పాట టెంపో 75" అంటే, దేనికి 75 అని అడిగి తెలుసుకోండి. ఆటోమేటిక్‌గా టెంపో కనిపెట్టే పరికరాలు కూడా 70ని 140 అని, 140ని 70 అని చెప్పడం మామూలే.

గతి మారినప్పుడు కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. చతురశ్ర నడకలో సాగే పాట మధ్యలో తిశ్రానికి వస్తే తాళం దెబ్బ వేగం మారదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య నాలుగు బదులు మూడు పడతాయి. అక్కడ టెంపోను ముట్టుకోనక్కర్లేదు, గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు మార్చుకుంటే చాలు.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో అదే సంకీర్తనకు దొరికిన కరోకే టెంపో 78 అని, మీది 72 కాబట్టి తప్పేమో అని అనుమానపడ్డారు. తాళ్లపాక వారి రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉంటుంది గానీ స్వరాలు ఉండవు. ఇప్పుడు మనం వినే వరుసలు చాలావరకు తర్వాతి తరాల వారు కట్టినవి, ఒకే పాటకు రెండు మూడు వరుసలు, వేర్వేరు రాగాల్లో, వేర్వేరు నడకల్లో ఉంటాయి. మీ అక్కగారికి గురువు నేర్పిన కాలప్రమాణమే మీ పాటకు ప్రమాణం.

టెంపోను అంకెకు కట్టేయడం ఎక్కడ బెడిసికొడుతుందో నాకు నేర్పింది శాస్త్రీయ సంగీతం కాదు, చెక్క భజన. కొన్నేళ్ల కిందట చంద్రగిరి వైపు పల్లె నుంచి పద్నాలుగుమంది జట్టు నా దగ్గరికి వచ్చింది. నేను అప్పట్లో అన్నిటికీ క్లిక్ పెట్టేవాణ్ని. 96 పెట్టి, జట్టు పెద్దకు హెడ్‌ఫోన్ తగిలించాను. మూడుసార్లు కొట్టించాను, మూడుసార్లూ మధ్యలో జావగారిపోయింది. ఆయన హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "కాళ్లు కట్టేసినట్టుండాది సార్" అన్నారు. క్లిక్ తీసేసి, నిలబడి అడుగు వేస్తూ కొట్టమన్నాను. తర్వాత కొలిస్తే 92 దగ్గర మొదలై, అయిదు నిమిషాలకు 131 దగ్గర ముగిసింది. ఆ ఎక్కుడే ఆ భజనకు ప్రాణం, అడుగు వేగం పెరిగేకొద్దీ చెక్కల వేగం పెరగాలి. దానికి టెంపో మార్కర్లు వేసి, హార్మోనియం, కింద చిన్న బేస్ ఆ మార్కర్ల వెంట నడిపించాను. గంగజాతర పాటలకు పలకలు కొట్టించినప్పుడు కూడా అప్పటినుంచి ఇదే పద్ధతి.

అలాగని క్లిక్ అసలు వద్దని కాదు. సినిమా ధోరణి పాట, కోరస్ విడిగా పాడించే పాట, ఇంకో ఊళ్లో ఉన్న వేణువు ఆయనకు పంపించి వాయించుకోవలసిన పాట అయితే ముందే స్థిరమైన టెంపో పెట్టుకోవడం అందరికీ సుఖం. మీ అక్కగారికి తర్వాతి పాట క్లిక్‌తో పాడించాలనుకుంటే, ఆ టిక్ టిక్ శబ్దాన్ని మాత్రం వినిపించకండి. తంబూర కింద మృదంగం సర్వలఘువు నడక (నిలకడగా సాగే సాదా నడక) ఒకటి లూపుగా వేసి ఇవ్వండి, గాయకులు దానితో సహజంగా పాడతారు. టెంపో అంకెను మీరు నిర్ణయించకుండా, ఆవిడను పల్లవి, చరణం రెండూ ఊరికే పాడమని, ట్యాప్ బటన్‌ను (నొక్కిన వేగాన్ని బట్టి టెంపో చూపే బటన్‌ను) కనీసం పదహారు దెబ్బలు నొక్కి, రెండింటికీ మధ్యగా వచ్చిన అంకె తీసుకోండి. పల్లవి ఒక్కటే చూసి పెడితే చరణంలో ఈడ్చినట్టుంటుంది. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ వాడండి. వెనక తెరిచి ఉన్న హెడ్‌ఫోన్‌తో నేను ఒకసారి పాడించి, ఆలాపనలో గొంతు సన్నగిల్లిన ప్రతిచోటా క్లిక్ వినబడుతుంటే మొత్తం మళ్లీ పాడించవలసి వచ్చింది.

గొంతును అసలు సాగదీయకూడదా అంటే, సాగదీయవచ్చు, కొద్దిగా. ఒకచోట ఊపిరి తీసుకోవడం ఆలస్యమై సమం జారిపోయి ఉంటే, ఆ ముక్క వరకు కోసి జరపడం గానీ, రెండు మూడు శాతం సాగదీయడం గానీ చేస్తే వినబడదు. అంతకు మించితే గమకాల దగ్గర తేలిపోతుంది: కంపితం (స్వరాన్ని ఊపే గమకం) వేగం మారుతుంది, అక్షరాల అంచులు మెత్తబడతాయి. లూపులను సాగదీయడంలో ఇంత పట్టింపు అక్కర్లేదు, అయినా 90 బీపీఎంలో చేసిన తబలా లూపును 72కు దించితే బాయా (తబలాలో ఎడమచేతి వాద్యం) దెబ్బ చివర గుడగుడలాడుతుంది. 70–76 మధ్య చేసిన లూపు వెతుక్కోవడం, లేదంటే మిడి తబలా వాడటం మేలు. మిడి అయితే టెంపో ఎంత కదిలినా నాదం చెడదు.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి. గొంతును ఫోనులోనో వేరే రికార్డరులోనో తీసుకుని ఉంటే, జారుడుకు కారణం పాట కాకపోవచ్చు. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలును 48గా చదివితే పాట దాదాపు తొమ్మిది శాతం వేగంగా, శ్రుతి కూడా పెరిగి వినిపిస్తుంది. అది వెంటనే దొరికిపోతుంది. రెండు పరికరాల గడియారాల మధ్య తేడా వల్ల వచ్చే జారుడు చాలా చిన్నది, ఆరు నిమిషాల పాటలో పట్టించుకోనక్కర్లేదు, గంట కచేరీ వీడియోలో మాత్రం పెదవులకూ పాటకూ పొత్తు కుదరదు. గుర్తుపట్టడం ఇలా: జారుడు మొదటినుంచి చివరిదాకా ఒకే వాలులో పెరుగుతూ పోతే పరికరానిది, ఎక్కుతూ దిగుతూ ఉంటే మనిషిది. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది మనిషిదే.

వేరే సాఫ్ట్‌వేర్లు వాడేవారు కూడా ఇది చదువుతారు కాబట్టి క్లుప్తంగా: క్యూబేస్‌లో ట్రాకును లీనియర్ టైమ్‌బేస్‌కు మార్చి టైమ్ వార్ప్ పనిముట్టుతో బారు గీతలను లాగవచ్చు, ఈ పనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా హాయి అదే. టెంపో ట్రాక్ ఆన్ చేయడం మరచిపోతే మాత్రం మీ మార్పులేవీ పలకవు. లాజిక్‌లో స్మార్ట్ టెంపోను అడాప్ట్‌లో పెడితే అదే గొంతును చూసి గీతలు గీస్తుంది, తంబూర విడిగా ఉన్నప్పుడు బాగానే చేస్తుంది, సమం ఎక్కడో దానికి తెలియదు కనుక మనమే సరిచూడాలి. ప్రో టూల్స్‌లో గొంతు ట్రాకు శాంపుల్స్‌లోనూ, మిడి టిక్స్‌లోనూ ఉండాలి. ఏబుల్టన్‌లో పొడుగు ఆడియో వేయగానే వార్ప్ తనంతట తానే ఆన్ కావచ్చు, ముందు దాన్ని ఆపండి. ఎఫ్ఎల్ స్టూడియోలో టెంపోను ఆటోమేషన్ క్లిప్‌తో నడపాలి, పాడిన పాటను కొలిచే పనికి అది కష్టమే.

చివరగా, స్ట్రింగ్స్ మెరుగుపరచడానికి ఫైళ్లను తిరుపతిలో ఇంకొకరికి పంపాలన్నారు. మార్కర్లు ఉన్న ప్రాజెక్టును పంపేటప్పుడు ఆడియో ట్రాకులన్నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా రెండర్ చేయండి (ఆడియో ఫైళ్లుగా తీయండి), మధ్యలో మొదలయ్యే ముక్కలు పంపవద్దు. వాటితో పాటు ప్రాజెక్ట్ మిడి ఎక్స్‌పోర్ట్ చేసి, అందులో టెంపో మ్యాప్ చేర్చే గడి టిక్ పెట్టండి. అవతలివారు తమ సాఫ్ట్‌వేర్‌లో ముందు ఆ మిడి ఫైలును టెంపోతో సహా తెరిచి, తర్వాత ఆడియోను తెచ్చుకోవాలి. నేను ఒకసారి మిడి పంపకుండా, ఫోనులో "72 సార్" అని చెప్పి ఊరుకున్నాను. స్ట్రింగ్స్ తిరిగి వచ్చేసరికి పల్లవి తప్ప ఇంకెక్కడా కలవలేదు. తప్పు నాదే కాబట్టి రెండోసారి వాయించిన డబ్బు కూడా నేనే ఇచ్చుకున్నాను.